అన్న ఉన్న క్యాసెట్టు

మా ఇంట్లో ఒక గది నాది. నాది అనడమే గానీ, నిజానికి నా సామాన్లది. అందులో నేను పక్కకు తిరిగి నడవాలి. వాల్వుల రేడియోలు, రెండు డెక్కుల టేప్‌రికార్డర్లు, టీవీకి తగిలించి ఆడే పాత వీడియో గేములు, కుస్తీ వీరుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు, సినిమా హాళ్ల బయట అమ్మిన పాటల పుస్తకాలు. వాటి మధ్యే మొన్న కొన్న డ్రోన్, త్రీడీ ప్రింటర్. నేను బొగ్గు గనుల కంపెనీ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ని. డ్యూటీలో మోటార్లు విప్పుతాను, ఇంటికొచ్చి ఇవి విప్పుతాను.

"ఇంట్ల మనుషులుండాల్నా, డబ్బలుండాల్నా? ఏదో ఒకటి తెంపు," అంటుంది నా భార్య. ఆ మాటకు నవ్వేవాణ్ణి. పోయిన చలికాలం నుంచి నవ్వు రావడం లేదు.

మా వదిన చూపు పోతోంది. షుగర్ ఆమె కళ్లను తినేసింది. ఒక కన్ను అప్పటికే చీకటి. రెండో కంటికి హైదరాబాదు తీసుకుపోయి సూదులు వేయించాం. ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూలబడి, ఆమె నన్ను ఒకే ఒక్కటి అడిగింది.

"మరిదీ, మీ అన్న నడుస్తుంటే ఒక్కసారి చూడాలె. ఫోటోల ఎప్పుడు జూసినా నిలవడే ఉంటడు."

అన్న బొగ్గుబాయిలో పైకప్పు బండ మీద పడి పోయాడు. పెళ్లయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఆయన ఉద్యోగం వదినకు ఇచ్చారు. ఆమె ఆ ఉద్యోగం చేసింది, రిటైరైంది, మళ్లీ పెళ్లి మాట ఎత్తినవాళ్లను చీపురు పట్టుకుని తరిమింది. ఆమె నోటికి కాలనీ అంతా భయపడేది. అలాంటి మనిషి మెట్ల మీద కూర్చుని బతిమాలుతుంటే, చూపిస్తానని మాటిచ్చాను.

కదిలే అన్న ఒకే ఒక్కచోట ఉన్నాడు. కాలనీ క్లబ్బులో కార్మికులు వేసిన నాటకంలో ఆయనది ఎస్సై వేషం. లోపలికి రావడం, ఒక్క మాట గద్దించి వెళ్లిపోవడం, అంతే. పెళ్లిళ్లు తీసే వీడియో ఆయన దాన్ని సరదాకి తీశాడు. ఆ క్యాసెట్టు కోసం నేను తిరగని పాత సామాన్ల కొట్టు లేదు. చివరికి బెల్లంపల్లిలో ఆ వీడియో ఆయన కొడుకు షాపు మూసేస్తూ గోనెసంచిలో పడేసిన వాటిలో దొరికింది. ఎగిరి గంతేశాను. మూత ఎత్తి చూద్దును కదా, టేపు అంచంతా తెల్లటి బూజు. ప్రాణం ఉసూరుమంది.

మెత్తటి గుడ్డతో కొంచెం కొంచెంగా తుడిచాను. ఈ ఊళ్లో కిటికీలు మూసినా బొగ్గుదుమ్ము ఆగదు, అందుకని తడి దుప్పట్లు కట్టి మరీ తుడిచాను. తుడుస్తుంటేనే టేపు మీది పూత పొడిగా రాలుతోంది. ఒక్కసారి తిరిగితే గొప్ప, రెండోసారికి ఏమీ మిగలదు. అందుకే వీసీఆర్‌ను కంప్యూటర్‌కి కలిపాను. టేపు తిరుగుతుండగానే బొమ్మ అందులోకి ఎక్కాలి. తర్వాత ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

ఇక మిగిలింది బ్లాస్టింగు. ఊరి పక్కనే ఉన్న ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం రోజూ మధ్యాహ్నం మందు పేలుస్తారు. ఆ వేళకి మా ఆడవాళ్లు అరల మీది గాజుగ్లాసులు కిందికి దించుతారు, నేను గ్రామఫోన్ రికార్డు మీది ముల్లు ఎత్తిపెడతాను. ఆదివారం ఆ గోల ఉండదు. అందుకని ఆదివారమే ముహూర్తం పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ ఆదివారం ప్లే డే, అంటే సెలవునాడు ఎక్కువ జీతానికి డ్యూటీ. నల్లా దగ్గర నిలబడ్డ ఎవరిని అడిగినా చెప్పేవారు. వారమంతా సెలవు పెట్టి కూర్చున్న ఆ గదిలోంచి బయటికి వస్తే కదా నేను అడగడానికి!

వదినను టీవీకి జానెడు దూరంలో కూర్చోబెట్టాను. నేను టీవీ వెనక, మూత విప్పిన వీసీఆర్ మీద వంగాను. క్లబ్బు తెర కనిపిస్తోందని వదిన చెప్పింది. "ఎస్సై గారొస్తున్నారు!" అని నాటకంలో ఎవరో అరిచారు. సరిగ్గా అప్పుడే భూమి అదిరింది. బల్ల ఊగింది, ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు ఊడిపోయింది. కంగారుగా మళ్లీ గుచ్చాను. వీసీఆర్ గర్రుమని టేపును లోపలికి లాగి నమిలేసింది.

"ఏమైంది మరిదీ? ఏం కనవడ్తలేదేంది?"

"ఏం కాలేదు వదినా, ఆగు," అన్నాను. నలిగిన టేపును బయటికి తీసి చెంచా వెనకవైపుతో రుద్ది చదును చేశాను. ఆ ముక్క కోసేసి అతికిస్తే మిగతా నాటకం దక్కుతుంది. కానీ అన్న ఆ ముక్కలోనే ఉన్నాడు. దేవుడా, ఈ ఒక్కసారికి ఆగనియ్యి అని మొక్కుతూ మళ్లీ ఎక్కించాను. టేపు పక్కకు జారకుండా బొటనవేలితో పట్టుకుని, తిరిగే చక్రం మీదే కళ్లు పెట్టాను. తల ఎత్తితే జారిపోతుంది.

"వచ్చిండు!" అని అరిచింది వదిన. "వచ్చిండు మరిదీ! అగో, టోపీ సర్దుకుంటున్నడు... నవ్విండు! మాట మర్చిపోయి నన్ను జూసి నవ్విండు!"

టప్పుమని టేపు తెగింది. గుడ్డిదో కుంటిదో, ఒక బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కింది కదా అని నాకు ఊపిరి ఆడింది.

"మళ్ల వెయ్యి," అంది వదిన. ఆమె ముఖం పెళ్లినాటి ముఖంలా ఉంది.

"ఎన్నిసార్లంటే అన్నిసార్లు," అంటూ కంప్యూటర్ వైపు తిరిగాను. తెర నల్లగా ఉంది. అదీ ఆ ప్లగ్గు మీదే నడిచేది. టీవీ తనంతట తాను వెలిగింది గానీ, కంప్యూటర్‌కి బటన్ నొక్కాలి. ఏళ్ల తరబడి ఇదే పని చేసే నేను ఆ బటన్ నొక్కలేదు. ఏదీ ఎక్కలేదు.

"లేదు వదినా. పోయింది. ఇంక రాదు," అని ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. గీతలు కొట్టుకుంటున్న టీవీ తెరను చేత్తో తడిమింది. నెమ్మదిగా అంది.

"నాకు సక్కగ కనవడది గద. నా మనసే గట్ల అనుకున్నదో ఏమో. నువ్వు జూసినవ్ గద మరిదీ? నవ్విండు గద?"

"నవ్విండు వదినా," అన్నాను. "నిన్నే జూసి నవ్విండు."