నేను వస్తున్నానని కోట్వార్ కేక

ఆ అమ్మాయంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే నయం. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

రాయపూర్‌లో ఒక చిన్న సంస్థలో ఇద్దరం ఒకే పని చేసేవాళ్ళం. వాగు గట్లు కోసుకుపోకుండా ఊళ్ళవాళ్ళు మొక్కలు నాటేవారు. అవి బతికాయా చచ్చాయా అని ఆరునెలలకోసారి వెళ్ళి లెక్కపెట్టడం మా ఉద్యోగం. ప్రతి మొక్క పక్కన నంబరు రాసిన వెదురు పుల్ల ఉంటుంది. పుల్ల చూడాలి, మొక్క చూడాలి, బతికుంటే కాగితం మీద టిక్కు పెట్టాలి. లెక్కకి అభన్‌పూర్ అవతలి ఊరు నా వంతు, ఆరంగ్ దగ్గరి ఊరు ఆమె వంతు.

నా ఊళ్ళో మొక్కలు దాదాపు అన్నీ బతికేవి. ఆమె ఊళ్ళో సగం పోయేవి. అయినా మీటింగులో పెద్దసారు ఆమె కాగితాలే తిరగేసి తిరగేసి చూసేవారు. మేక తినేసింది, వరదకి కొట్టుకుపోయింది, ఎవరో సైకిలు ఆనించారు అని ఒక్కో చావుకీ ఒక్కో కారణం రాసుకొచ్చేది ఆ మహాతల్లి. "రిపోర్టంటే ఇదీ!" అనేవారు సారు. నా టిక్కుల వంక ఎవరూ చూసేవారు కాదు. ఒళ్ళు మండిపోయేది నాకు. మొక్కల్ని చంపుకున్నవాళ్ళకి మెచ్చుకోళ్ళు, బతికించినవాళ్ళకి ఒక కప్పు చాయ్!

దానికి తోడు, అన్ని ఊళ్ళ లెక్కలూ చూసే సూపర్‌వైజరు పోస్టు ఒకటి పడింది. పర్మనెంటు. మేమిద్దరం కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళం, ఇచ్చేది ఒక్కరికే. గుఢియారీలో రైలు పట్టాల పక్కన మా ఇల్లు. సాయంత్రం ఇంటికి చేరగానే ఆమె మీద తిట్లు మొదలుపెట్టేదాన్ని. మా అమ్మది శ్రీకాకుళం, ఇక్కడ ముప్పై ఏళ్ళున్నా ఆ యాస పోలేదు.

"ఏటే ఆ పిల్ల గొడవ? పొద్దుగూకులూ దాని జపమేనా? చాయ్ ఠండా అయిపోతంది, తాగు ముందు."

"నేనేమన్నానే అమ్మా?"

"ఏటనకుండానే ఇంత తిట్టినావు, అంటే ఇంకేటి తిడతావో!"

నా కడుపుమంటకి ఇంకో కారణం ఉంది. ఆమె ఇంటి భాష ఛత్తీస్‌గఢీ. ఏ అరుగు మీద కూర్చున్నా ఆడవాళ్ళు చుట్టూ చేరతారు. నేను ఆ భాషలో నాలుగు మాటలంటే నవ్వేస్తారు. అయినా మా ఊరివాళ్ళకి నేనంటే ప్రాణమని నా నమ్మకం. వెళ్ళడానికి రెండు రోజుల ముందే కోట్వార్‌కి ఫోను చేసేదాన్ని. ఊళ్ళో కబుర్లు చాటే మనిషి ఆయన. "ఎల్లుండి దీదీ వస్తోంది, మొక్కలు లెక్కపెడుతుందహో!" అని వీధి వీధీ కేకేసేవాడు. చెప్పాపెట్టకుండా ఒకరి గుమ్మం తొక్కకూడదని మా ఇంట్లో నేర్పారు. నేను వెళ్ళేసరికి గట్టు ఊడ్చి, పాదులన్నీ తడిపి ఉంచేవారు. ఒక ముసలమ్మ బియ్యప్పిండితో ఆవిరి మీద ఫరా వండి వేడివేడిగా నా చేతిలో పెట్టేది.

ఒక్కటే లోటు. మూడేళ్ళయినా మొక్కలు మోకాలు దాటలేదు. నేల సారం లేనిదని రాశాను. పశువుల ఎరువు వేయించాలని సలహా కూడా ఇచ్చాను.

పోస్టు ఎవరికో తేల్చే ముందు సారు ఒక మెలిక పెట్టారు. ఈసారి ఒకరి ఊరు ఇంకొకరు లెక్కపెట్టాలి. సంబరపడిపోయాను. ఆరంగ్ దారిలో స్కూటీ మీద వెళుతున్నంతసేపూ ఒకటే కోరిక, ఆమె లెక్క తప్పాలి. పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా పుల్ల పుల్లకీ వంగి చూశాను. ఒక్క తప్పూ దొరకలేదు. పైగా, బతికిన మొక్కలు నా తలకి మించి పెరిగాయి. తలెత్తి చూడాల్సి వచ్చింది. మంచి నేల దొరికింది దీనికి, అదృష్టం అనుకున్నాను. ఆ మట్టి మీద కూడా కుళ్ళుకున్నాను.

సాయంత్రం ఆఫీసు మెట్ల మీద ఆమె నాకోసం కూర్చుని ఉంది. మా ఊరి లెక్క కాగితం సారుకి ఇవ్వకుండా ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

"దీదీ, మీ ఊరికి చెప్పకుండా వెళ్ళాను. నేనెప్పుడూ అంతే," అంది.

"ఏం మర్యాద అది?"

"సగం పుల్లల పక్కన మొక్కలే లేవు."

"పోవమ్మా! నేను చూసినప్పుడు అన్నీ ఉన్నాయి."

"మీరు వచ్చే రోజు ఉంటాయి. కోట్వార్ కేక వినగానే పంచాయతీ వెనక నర్సరీ నుంచి తెచ్చి ఖాళీల్లో పెడతారట. మీరు వెళ్ళాక నీళ్ళు పోసే దిక్కుండదు, ఎండిపోతాయి."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫరా వండే అమ్మమ్మ. ఒక్క మొక్క పోయినా దీదీ మొహం వాడిపోతుంది, ఆ మొహం చూళ్ళేమమ్మా అంది."

నాకు ఏడుపొచ్చింది. మొక్కల కోసం కాదు. మూడేళ్ళు నా చేతిలో ఫరా పెట్టిన మనిషి నాకు దాచిన నిజాన్ని దీనికి ఒక్క పూటలో చెప్పేసింది. అది ఓర్చుకోలేకపోయాను.

"కాగితం రెండు రోజులు ఆపుతాను. మీరొకసారి వెళ్ళి చూసుకోండి," అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

ఫోను చేతిలోనే ఉంది. కోట్వార్‌కి ఒక్క మాట చెబితే చాలు, రెండు రోజుల్లో ప్రతి పుల్ల పక్కనా పచ్చగా ఒక మొక్క నిలబడుతుంది. ఈ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది, పోస్టు నాదవుతుంది. నంబరు కూడా తీశాను. అంతలో తలెత్తి చూసిన ఆ చెట్లు గుర్తొచ్చాయి. ఛీ అనిపించింది. ఫోను సంచీలో పడేశాను.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ముసలమ్మ రొప్పుతూ గట్టు మీదకి వచ్చింది. "అయ్యో దీదీ, కబురు చెయ్యలేదేం? ఇంట్లో పిండి కూడా లేదు!" అని గుండెలు బాదుకుంది. నేను లెక్కపెడుతుంటే వెనకే నడిచింది. పోస్టు ఇక ఆ పిల్లదేనని నాకు తెలిసిపోయింది. చివరికి ఆమెకే ఇచ్చారు కూడా.

"ఎన్ని పోయాయి దీదీ?" అంది ముసలమ్మ. చెప్పాను. నా మొహంలోకి పరీక్షగా చూసింది. మొహం వాడకుండా నిలబెట్టడానికి నేను పడిన తంటా ఆ దేవుడికే తెలుసు.

అప్పుడు నా చెయ్యి పట్టుకుని గట్టు చివరికి తీసుకెళ్ళింది. బతికిందని నేను టిక్కు పెట్టిన మొక్కొకటి అక్కడుంది. దాన్ని రెండు వేళ్ళతో పైకి లాగింది. వేరు లేదు, ఉత్త కొమ్మ.

"నిన్న ఆ పిల్ల వెళ్ళాక గుచ్చాను," అంది తల దించుకుని. "ఇది కూడా రాసుకో."

టిక్కు కొట్టేశాను. అసలు మొక్క ఏమైందని అడిగాను.

"మేక తినేసింది దీదీ. మా మేకే."

మూడేళ్ళలో ఒక మొక్క చావుకి నా కాగితం మీద నేను రాసిన మొదటి కారణం అదే.