కుడివైపు మచ్చ

పల్లెల నుంచి వచ్చేవాళ్ళు నన్ను "ఫొటో దించే పిల్ల" అంటారు. రేడియాలజీ టెక్నాలజిస్ట్ అని గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దాని కిందే నిలబడి, "ఫొటో దించే పిల్ల ఏడికి పోయింది?" అని నన్నే అడుగుతారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడం మానేసింది. స్టూడియోలో ఫొటో తీసేవాడు ఎంతో నయం. కళ్ళు మూసుకుంటే ఇంకోటి తీస్తానంటాడు, నచ్చిందా లేదా అని అడుగుతాడు. మా దగ్గర ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

హన్మకొండలో దవాఖానలకు కరువు లేదు. తొర్రూరు నుంచి, రఘునాథపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మా మెట్ల మీద చెప్పులు విడిచి, లోపల కూర్చుంటారు. దగ్గుతో వచ్చినవాడికి మందు మాత్రమే రాస్తే ముఖం మాడ్చుకుంటాడు. ఎక్స్‌రే రాస్తే కాస్త కుదుటపడతాడు. సీటీ స్కాన్ రాశారా, బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెబుతాడు. తీరా అంతా బాగుందని తేలితే నమ్మడు. "జర మంచిగ చూడుండ్రి మేడం, ఏమన్న ఉండే ఉంటది" అని బతిమాలుతాడు. రోగం లేదని చెబితే అవమానించినట్టు చూస్తాడు.

పై అంతస్తులో ఛాతీ డాక్టరుగారు ఉంటారు. ఆయన గదిలో ఫిల్ములు చూడటానికి గోడకు లైట్‌బాక్సు ఉంది. దాని మీద మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. ఆయన ఫిల్మును కిటికీ వైపు ఎత్తి, రెండో చేత్తో ఫోను పట్టుకుని ప్లాట్ల గురించి మాట్లాడుతూనే రోగం పేరు రాసేస్తారు. రిపోర్టు రాయాల్సిన రేడియాలజిస్టు సాయంత్రం వస్తాడు. అప్పటిదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. ప్రింటర్‌లోంచి ఫిల్ము వెచ్చగా బయటికి రాగానే పేషెంటు చేతిలో పెడతాం, వాళ్ళు మెట్లెక్కి పోతారు. సాయంత్రం వచ్చే రిపోర్టును ఎవరూ తీసుకెళ్ళరు. అది కవర్లోనే ఉండిపోతుంది.

నాతోపాటు ఆ గదిలో ఇంకో టెక్నీషియన్ పనిచేస్తాడు. నాకంటే ముందు చేరాడు కనుక సీనియర్. అంతకు మించిన కారణం నాకెప్పుడూ కనిపించలేదు. "గాలి పీల్చు, ఆపు, ఇడువు" అనే మూడు మాటలతో ఉద్యోగమంతా వెళ్ళదీస్తున్నాడు. ఆ మూడూ ఫోనులోంచి తలెత్తకుండానే అంటాడు.

ఆడవాళ్ళ ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు జుట్టును నడినెత్తిన ముడి వేయించాలి. ఇది మాకు కాలేజీలో మొట్టమొదట చెప్పే పాఠాల్లో ఒకటి. ఒంటి లోపలిదేదో బయటిదేదో ఎక్స్‌రేకు తెలియదు. దారిలో ఏది అడ్డమొచ్చినా దాని నీడ ఫిల్ము మీద పడుతుంది. పలుచటి జుట్టయితే ఫరవాలేదు. తడి ఆరకుండా బిగించి అల్లిన ఒత్తు జడయితే తెల్లటి మచ్చలా పడుతుంది, అదీ ఊపిరితిత్తి పైభాగం మీద. అక్కడ మచ్చ కనిపిస్తే చాలామందికి ముందు తోచేది టీబీ.

మా సీనియర్‌కు ఇది తెలియక కాదు. పరాయి ఆడదాన్ని కొప్పు పెట్టుకొమ్మని చెప్పడం ఆయనకు సిగ్గు. పక్కన అత్తో మొగుడో ఉంటే మరీ సిగ్గు. "జడ ముంగటేస్కో" అని గోడకు చెప్పినట్టు చెప్పి, అద్దం వెనక్కి పోయి బటన్ నొక్కేస్తాడు. వీపు మీద జడ లేకపోతే తన పని అయిపోయిందని ఆయన నమ్మకం. ముందుకు వేసుకున్న జడ ఛాతీకీ, అది ఆనించే ఎక్స్‌రే ప్లేటుకూ మధ్య నలుగుతూ ఉంటుంది. ఫోనులో రీల్సు చూసేటప్పుడు మాత్రం ఈ సిగ్గు ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు. నేను ఎన్నోసార్లు చెప్పాను. "నువ్వున్నవు గద, ఆడోళ్ళను నువ్వే చూసుకో" అంటాడు. నేను సీటీ గదిలో ఉన్నప్పుడు వచ్చే ఆడవాళ్ళ గతి ఏమిటని అడిగితే నవ్వుతాడు.

అత్త వెంట ఒక కోడలు దగ్గుతో మొదటిసారి వచ్చినప్పుడు నేను సీటీ గదిలోనే ఉన్నాను. మందులు మొదలుపెట్టిన రెండో నెల నిండాక మళ్ళీ ఎక్స్‌రే కోసం వచ్చినప్పుడు చూశాను. పాతికేళ్ళు కూడా ఉండవు. ముఖానికి మాస్కు కట్టుకుని, బెంచీ ఖాళీగా ఉన్నా గోడవారన నిలబడి ఉంది. బెంచీకి అవతలి చివర అత్త కూర్చుంది. చేతిసంచిలోంచి జిప్పు కవరు బైబిలు తొంగిచూస్తోంది. ఆమె ఒళ్ళో ఆరేడు నెలల చంటిపిల్ల. కోడలు ఆ పిల్లను తప్ప మరి దేన్నీ చూడటం లేదు.

గదిలోకి పిలిచాను. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"దగ్గరికి రా చెల్లె, గంత దూరమెందుకు?"

"నాకు టీబీ ఉంది మేడం. మీకు అంటుతది" అంది.

ఎవరో బాగానే నేర్పారు అనుకున్నాను. గౌను ఇచ్చి, జడను నెత్తి మీద ముడి వేసుకొమ్మన్నాను. ఆమె చేతులు వెనక్కి పోయి ఆగాయి.

"పోయినసారి ముంగటేస్కొమ్మన్నరు మేడం. గిప్పుడు మీదికా?"

"మీదికే" అన్నాను. ముడి వేసుకున్నాక ఎక్స్‌రే తీశాను. తర్వాత కంప్యూటరులో పాతదాన్ని తెరిచి కొత్తదాని పక్కన పెట్టాను. కొత్తదాంట్లో రెండు ఊపిరితిత్తులూ శుభ్రంగా ఉన్నాయి. పాతదాంట్లో కుడివైపు పైన తెల్లటి పట్టీ. దాన్ని పెద్దది చేసి చూస్తే మూడు పాయల అల్లిక పాయకు పాయ కనబడుతోంది. పైగా ఆ మచ్చ ఊపిరితిత్తిలో ఆగలేదు. భుజం ఎముక దాటి, మెడ పక్కగా, ఒంటి బయటికి పోయింది. టీబీ వచ్చినవాళ్ళ రోగం ఎక్కడైనా భుజమెక్కి బయటికి వస్తుందా? చూడదలుచుకుంటే కనబడేదే. చూసినవాడు లేడు.

"ఆ దినం తానం చేసి వచ్చినవా?" అని అడిగాను.

"అవు మేడం. బాలింతనని మా అత్త తలకు పోసింది. బస్సు అందదని తడి జడనే ఏసింది."

"ఉమ్మి పరీక్ష చేసిండ్రా?"

"ఉమ్మి పడలే. పొడి దగ్గు. సారు ఫొటో చూసే మందులు రాసిండు. పిల్లను దగ్గరికి రానియ్యొద్దన్నడు. ఇంటెనక రేకుల అర్రల ఉంటాన. కంచం ఏరు, చెంబు ఏరు. పాస్టరయ్యగారు వచ్చి గడప అవుతలి నుంచే ప్రార్థన చేసి పోతాండు. పిల్ల ఏడిస్తే ఇనుకుంట పండుకునుడే."

నిజంగా టీబీ ఉన్నా మందులు వాడుతూ మాస్కు కట్టుకుని పాలివ్వవచ్చు. అది పై అంతస్తు ఆయనకు తెలియనిదేమీ కాదు. కానీ అదంతా విడమర్చి చెప్పాలంటే ఫోను పక్కన పెట్టాలి. దూరం పెట్టు అనడం తేలిక.

ముందు మా సీనియర్‌కు చూపించాను. తెర వైపు వంగి చూసి, "అరె, జడనే గదా" అన్నాడు. తర్వాత, "ఇప్పుడు నార్మలే ఉన్నది గద, ఇంక నీకేం ఫికర్?" అన్నాడు. ఈ మనిషితో మాట్లాడటం కంటే ఆ మిషనుతో మాట్లాడటం మేలనిపించింది. పాతదాన్ని మళ్ళీ ప్రింటు తీసి, రెండు ఫిల్ములూ తీసుకుని, వాళ్ళ ముగ్గురి వెనకే మెట్లెక్కాను. అది నా పని కాదు. మా దగ్గర ఎవరి పని ఏదో అందరికీ బాగా తెలుసు, అందుకే ఎవరి పనీ సరిగా జరగదు.

డాక్టరుగారు కొత్త ఫిల్మును కిటికీకి ఎత్తి చూశారు. బాగుందన్నట్టు తలూపారు. పాతది కూడా ఇచ్చి, "సార్, కుడివైపు పైన చూడండి. ఎముక దాటి బయటికి పోతుంది" అన్నాను. చూశారు. ఫోను చెవి నుంచి దించారు. ఆయన మూర్ఖుడు కాదు, ఒక్క చూపులో అర్థమైందని నాకు తెలిసిపోయింది. నా వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత అత్త వైపు తిరిగి, చిరునవ్వు నవ్వి, "మందులు మస్తు పని చేసినయి. మచ్చ మొత్తం పోయింది" అన్నారు.

అత్త రెండు చేతులూ జోడించింది. "ప్రభువు ముట్టిండు సారూ. మీ రూపంల ముట్టిండు" అంది. ఆయన ఆ మాటను కాదనలేదు. కోర్సు మాత్రం మధ్యలో ఆపొద్దని, ఇంకా నాలుగు నెలలు వాడాలని చెప్పారు. అప్పటిదాకా పిల్ల సంగతి జాగ్రత్త అని కూడా అన్నారు.

ఇంత చదువుకుని, ఇంత పేరు సంపాదించి, ఒక జడ ముందు అబద్ధమాడాల్సిన గతి పట్టిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. భయం వేయలేదు. అసహ్యం వేసింది. క్యాలెండరును తీసి పక్కన పెట్టి, లైట్‌బాక్సు స్విచ్చి వేసి, పాత ఫిల్మును దానికి తగిలించాను.

"అమ్మా, ఇటు రా. ఈ తెల్లగున్నది ఏందో చూసి చెప్పు" అన్నాను.

"నువ్వు కిందికి పోమ్మా" అన్నారు డాక్టరుగారు.

నేను కదల్లేదు. అత్తకు నా మీద నమ్మకమేమీ లేదు. "సారు కంటె నీకు ఎక్వ తెలుసునా బిడ్డా?" అంటూనే, పిల్లను భుజాన వేసుకుని లేచి దగ్గరికి వచ్చింది. కళ్ళు చికిలించి చూసింది. వేలితో ఆ పట్టీ వెంట పై నుంచి కిందికి రాసింది. ఒకచోట వేలు ఆగింది. అక్కడ ఒక పాయ మిగతావాటి కంటే లావుగా, వదులుగా ఉంది.

"గిది నేనేసిన జడనే" అంది నెమ్మదిగా. "తొందర తొందరల గీడ పాయ కూడలే. మల్ల ఇప్పి ఏద్దామంటే బస్సొచ్చింది."

అత్త మళ్ళీ ఫిల్మును చూసింది, కోడలి నెత్తి మీది కొప్పును చూసింది. ఆ ముసలామె మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా దిగిపోయింది. ఆమె డాక్టరు చెప్పినట్టు చేసింది. కోడలి కంచం వేరు చేసిందీ, పిల్లను రాత్రింబవళ్ళు మోసిందీ ఆ ఒక్క మాట నమ్మే.

"అంటే నాకు రోగమే లేదా?" అని కోడలు అడిగింది. నన్ను కాదు, ఆయన్ని.

"దగ్గు ఉండె గదమ్మా. అనుమానం ఉంటే మందులు మొదలుపెట్టాలె, అదే పద్ధతి" అన్నారు డాక్టరుగారు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. "ఇప్పుడు మందులు ఆపేద్దాం. నష్టమేం కాలేదు గద. మంచిగున్నవు. సంతోషంగ పిల్లను ఎత్తుకో, పాలియ్యి."

ఆమె మాస్కు తీసేసింది. అత్త దగ్గరికి పోయి చేతులు చాచింది. పిల్ల ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసి, పెదవి విరిచి, నాయనమ్మ మెడను రెండు చేతులా కరుచుకుంది. అత్త ఆ చేతులు విడిపించబోతే గట్టిగా ఏడుపు అందుకుంది. కోడలు తన చేతులు వెనక్కి తీసుకుంది.

"పాలు ఎండిపోయినయి సార్" అంది.

డాక్టరుగారు కలం తీసి, పిల్లకు ఇప్పుడు ఏ డబ్బా పాలు పడుతున్నారని అడిగారు. అత్త చెప్పింది. ఆయన దానికంటే మంచి డబ్బా పేరు చీటీ మీద రాసిచ్చారు.