కోతులకు నేను చూపించని అడవి

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అందులో చెట్లున్నాయి, ఒక వాగుంది, ఇప్పపూల వాసన కూడా ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉండబట్టే ఇంతకాలం మోయగలిగానేమో. ఈ మధ్య మాత్రం కూర్చుంటే బరువు, లేస్తే బరువు. ఇక నా వల్ల కావడం లేదు.

నా పేరు మీకెందుకు? హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. సొంతూరు పరకాల వైపు. ఊరి పేరు రాయను. రాస్తే తప్పు ఊరందరిదీ అయినట్టుంటుంది. అది ఊరిది కాదు, నాది. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే విసుక్కోకండి.

మా ఊరికి కోతుల బెడద పట్టుకున్న రోజులవి. తలుపు వేయడం మరిస్తే చాలు, వంటింట్లో గిన్నెలు వీధిలో దొర్లేవి. పెంకులు పీకేవి. మక్కచేను కంకి పట్టగానే మాకంటే ముందు అవే కోత మొదలుపెట్టేవి. ఆడవాళ్లు నీళ్లకు పోయినా చేతిలో కర్ర ఉండాల్సిందే. పంచాయతీని అడిగితే అడవి జంతువులు ఫారెస్టోళ్లవి అన్నారు. ఫారెస్టోళ్లను అడిగితే ఊళ్లో తిరిగేవి మావి కావన్నారు. కోతులకు పండ్లతోట పెంచుతామని ఊరి వెనక మొక్కలు నాటించారు. నీళ్లు పోసే మనిషిని పెట్టడం మరిచిపోయారు. మొక్కలు ఎండాయి, బోర్డు మాత్రం పచ్చగా ఉండేది.

చివరికి ఊరే చందాలు వేసుకుని కోతులు పట్టేవాళ్లను పిలిపించింది. అందులోనూ తమాషా చూశాను. కొందరు చందా ఇవ్వలేదు. ఊరి కోతులన్నీ పోతే మా ఇంటి మీదివీ పోతాయి కదా, మేమెందుకివ్వాలని వాళ్ల లెక్క. పుస్తకంలో పాఠం మా వాడకట్టులో నడుచుకుంటూ వచ్చినట్టనిపించి నవ్వుకున్నాను. అప్పుడు నవ్వు వచ్చేది నాకు.

ఊరి పెద్ద మల్లయ్య తాత ఒక్కటే షరతు పెట్టాడు. కోతి ఆంజనేయస్వామి రూపం, దానికి దెబ్బ తగలొద్దు, తీసుకుపోయి తాడ్వాయి అడవిలోనే విడవాలి. పట్టేవాళ్ల మాట నమ్మలేం కాబట్టి వెంట ఊరి మనిషి ఒకడు పోవాలి. ఎవరు? అందరూ నా వైపే చూశారు. చదువుకున్నవాడు, అబద్ధం ఆడడు. గుడి ముందు నిలబడి సరేనన్నాను. బోనుల్లో అరటిపండ్లు పెట్టి కోతుల్ని పట్టారు. బోనులకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని దండాలు పెట్టారు. ఒక ముసలమ్మ దారిలో తింటాయని ఉడికించిన పల్లీలు ఊచల మధ్య నుంచి లోపలికి వేసింది. అవి తినలేదు. ఆమెనే చూస్తూ కూర్చున్నాయి.

బయలుదేరింది చలికాలపు పొద్దున. ఆ మంచు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ట్రాలీ ఆటో ముందు సీట్లో కోతులు పట్టేవాడి పక్కన నేను, వెనక బోనులు. రోడ్డు కనిపించడం లేదు. చెట్లు మేం దగ్గరికి పోయేదాకా లేవు, దాటగానే మళ్లీ లేవు. మనుషుల గొంతులు వినిపిస్తున్నాయి, మనుషులు లేరు. బోనుల్లోంచి చప్పుడు లేదు. ఒక్కసారి వెనక్కి తిరిగాను. మొండితోక ఆడకోతి ఒకటి పిల్లను పొట్టకు కరుచుకుని నన్ను చూస్తోంది. దాని ఊపిరి పొగలాగా వచ్చి పోతోంది. మేమిద్దరం ఎక్కడికి పోతున్నామో దానికి తెలియదు. నాకు మాత్రం తెలుసా?

ములుగు ఇంకా రాలేదు. ఎడమవైపు మంచులో ఒక మామిడితోట తేలింది. దాని పక్కన ఊరి పేరు రాసిన బోర్డు ఉంది. నేను చదవలేదు. చదవలేకపోయానని రాయబోయాను. కాదు, చదవలేదు. తల దించుకున్నాను. ఇక్కడే దింపేద్దాం అన్నాను.

పట్టేవాడే తటపటాయించాడు. అడవి దాకా అని ఊళ్లో ఒప్పుకున్నాం కదా అని గుర్తు చేశాడు. పాపం వాటికి ఊపిరాడడం లేదన్నాను. అది నిజమే. పిల్లకోతి వణుకుతోంది, నాకు నిజంగానే జాలేసింది. కానీ ఆ రోజు మొదటి పీరియడ్ నాదే, ఆలస్యమైతే ప్రిన్సిపాల్ ఊరుకోడు, అదీ నిజమే. రెండింటిలో ఏది ముందు వచ్చింది? జాలి ముందు వచ్చి తొందర దాని చాటున దాక్కుందా? తొందరే జాలి వేషం వేసుకుందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు. ఒకటి మాత్రం తెలుసు. జాలి పడ్డవాడు బోర్డు చదవడానికి భయపడడు.

తలుపులు తీశారు. కోతులు ఒక్కొక్కటే దిగి, మంచులో నాలుగడుగులు వేసి, లేకుండా పోయాయి. మొండితోకది చివర దిగింది. నాకు హాయిగా అనిపించింది. అదీ దాచను. కాలేజీకి టైముకే చేరుకున్నాను.

సాయంత్రం మల్లయ్య తాత అరుగు మీద నా కోసం కాచుకుని ఉన్నాడు. అడవిలో మంచిగున్నాయా బిడ్డా అని అడిగాడు. ఉన్నాయంటే సరిపోయేది. నేను ఆగలేదు. వాగు చెప్పాను, వాగు మీదికి వంగిన నేరేడు చెట్టు చెప్పాను, తునికి చెట్లు చెప్పాను, బోను తీయగానే పిల్లకోతి కొమ్మ అందుకుని ఊగిందని చెప్పాను. తాత కళ్లు తుడుచుకున్నాడు. ముసలమ్మ వచ్చి మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా ఒక చెట్టు పెరిగేది. ఒకసారి ఇప్పపూలు కూడా రాలాయి. తాత పోయేదాకా ఆ అడవిని చూసి సంతోషించాడు. నేనూ చూశాను. మీకు పిచ్చిగా అనిపిస్తుందేమో, స్టాఫ్‌రూములో మధ్యాహ్నం కన్ను మూతపడితే ఆ వాగు చప్పుడు వినిపించేది. అందులో కోతులు దిగేవి కావు. బోను తలుపు తీసి ఉన్నా లోపలే కూర్చుని నన్ను చూసేవి.

మా కాలేజీ సందు మొదట్లో కొమురమ్మ కూరగాయలు అమ్మేది. భర్త లేడు. ఊళ్లో ఎకరం లోపు భూమిలో బీర పందిరి, సొర, వంకాయ, టమాట సొంతంగా పెంచి పొద్దున్నే తెచ్చేది. ఎవరి దగ్గరా చేయి చాచకుండా బతుకుతున్నానని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్ప నాకు నచ్చేది. బేరం ఆడితే తిట్టేది, ఆడకపోతే కొసరు వేసేది. ఆ చలికాలం తర్వాత కొన్నాళ్లు కనబడలేదు. ఎండాకాలంలో వచ్చింది, గంప లేకుండా. చేతికి కట్టు. నా కోసమే వచ్చానంది.

"సారూ, మా ఊరికి కోతులు మోపైనయి. బీరపందిరి మొత్తం గుంజి పడేసినయి. తోలబోతే చేయి కరిసింది ఒకటి. సర్కారు దవాఖానకు పోతే సూది మందు లేదు, రేపు రా అన్నరు. రేపు పోతే మల్ల రేపన్నరు."

"ఏడికెల్లి వచ్చినయి?" అని అడిగాను. ఎందుకడిగానో.

"ఎవలో బండిల తెచ్చి మామిడితోట కాడ ఇడిసిపెట్టి పోయిన్రట. పొద్దుగాల మంచుల మా మరిది సూసిండు బండిని. మనుషులు కండ్లకు ఆనలేదట."

నేను ఆమె చేతి కట్టు వైపు చూశాను. ఆమే అంది. "అండ్ల మొండితోకది ఒకటున్నది సారూ, పిల్లతల్లి. మా ఇంటి మీదనే ఉంటది. దాన్ని కొట్ట చేతులు రావు."

"తెచ్చినోళ్లను తిట్టవా?"

"ఏం తిట్టాలె? ఆళ్లకెంత తిప్పలైతే గట్ల జేసిన్రో పాపం. మీరు సదువుకున్నోళ్లు, జర ఒక దరఖాస్తు రాసియ్యున్రి. మీరు రాస్తె సర్కారోళ్లు ఇంటరు."

రాశాను. మీరు నమ్మండి, నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. ప్రభుత్వ నిర్లక్ష్యం మీద మండిపడ్డాను. పేద రైతు గోడు వినే దిక్కే లేదా అని నిలదీశాను. అధికారుల్ని అంత కోపంగా తిడుతుంటే కాసేపు నేను మంచివాణ్ణనే అనిపించింది. వాళ్ల తప్పు లేదా? ఉంది. ఈ ఆఫీసు ఆ ఆఫీసు మీదికి నెట్టింది, ఆ ఆఫీసు ఇంకో ఆఫీసు మీదికి. కానీ వాళ్లకు ఆ కోతులు ఎక్కడివో తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా సంతకం దగ్గర ఆమె వేలిముద్ర వేయించి పంపాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. మళ్లీ రాలేదు.

ఒకడు చేసిన పని ఖర్చు ఆ పనితో సంబంధం లేని ఇంకొకరి నెత్తిన పడితే దాన్ని బాహ్యత అంటారని ఏటా బోర్డు మీద రాస్తాను. ఉదాహరణకు ఫ్యాక్టరీ పొగ చెబుతాను. కోతుల బెడద ఉన్న ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఇంకో ఉదాహరణ దొరకదా? ధరల్లో కనబడని నష్టం సంగతి చెబుతూ వెనక్కి తిరిగి, సుద్దముక్కతో ఊరికే గీత గీస్తూ నిలబడిపోతాను. పిల్లలు రాసుకుంటున్నారని అనుకుంటారు.

కొమురమ్మ కూరగాయలు మానేసింది. కోతులు ముట్టవని పత్తి పెట్టింది. పత్తి ఆమె చేతికి అలవాటు లేని పని. రెండు పంటలు చూసి భూమి కౌలుకిచ్చేసింది. ఇప్పుడు ఎదుటివాళ్ల చేలల్లో పత్తి ఏరడానికి పోతోంది. మొన్న ఆత్మకూరు దగ్గర రోడ్డు మీద నా బండి పక్కనుంచి కూలీల ఆటో పోయింది. కిక్కిరిసిన ఆడవాళ్ల మధ్య ఆమె ఉంది. నన్ను గుర్తుపట్టి చేయి ఊపింది. దరఖాస్తు ఏమైందని గట్టిగా అడిగింది. ఆటో ఆగలేదు. అడిగి నవ్వింది కూడా. జవాబు కోసం అడిగినట్టు లేదు.

అప్పట్నుంచీ ఆమె ఊరికి పోయి చెప్పాలని ఉంది. ఎందుకు పోలేదో కూడా చెబుతాను. తిడుతుందని కాదు. పోనీలే సారూ అంటుందేమోనని భయం. అంటుంది, నాకు తెలుసు. ఆ మాట అనడానికి ఆమెకెంత ఖర్చవుతుంది? పోయిన తోటను, పోయిన గొప్పను మింగి ఆమె అనాలి, నేను తేలికపడి ఇంటికి రావాలి. నా బరువు మళ్లీ ఆమె నెత్తినే దింపడం కాదా అది? ఇదంతా పిరికితనానికి నేను చెప్పుకునే అర్థశాస్త్రమా? కావచ్చు. నా చదువు నాకు ఎప్పుడూ సాకులే ఇచ్చింది.

అందుకని క్షమించమని అడగడం లేదు, ఆమెనూ, మిమ్మల్నీ. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కొమురమ్మా, ఆ బండిలో ఉన్న మనిషిని నేను. ఆపమన్నది నేను. మా ఊళ్లో ఇంకా కొందరు నమ్ముతున్న ఆ అడవి లేదు, అక్కడికి ఒక్క కోతీ పోలేదు.

రాయడం అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. బయట ఎండ తెల్లగా కాస్తోంది. చాలా రోజుల తర్వాత నాకు ఆకలేస్తోంది. కొమురమ్మ తిన్నదో లేదో తెలియదు. సిగ్గుగానే ఉంది, అయినా ఆకలేస్తోంది.