చల్లటి బల్బూ, నాయన డోలూ

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు లెండి, సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేసిన కాలమే) జనాన్ని బాగుచేయడానికే నేను పుట్టానని గట్టిగా నమ్ముతుండేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు, మెడలో గుర్తింపు కార్డు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మా కార్వేటినగరంలో పాత గుండు బల్బులు తీసుకుని ఎల్ఈడీ బల్బులు ఇచ్చే కౌంటర్లో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ("కాంట్రాక్టు" అన్న ముక్కను చుట్టాల దగ్గర మింగేసేదాన్ని.) ప్రతి ఇంటివాళ్ళూ మార్చుకోవాల్సిందేనని సర్కారు రూలు. కౌంటరు దాకా జనం రారని నేనే సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క విద్య. కొత్త బల్బు వెలిగించి, కాసేపాగి, "ముట్టుకోండత్తా, ఏం గాదు, సల్లంగా ఉంటాది సూడండి!" అనేదాన్ని. వాళ్ళు భయం భయంగా వేలు ఆనించి, "అవునే, కాలనే కాలలేదే!" అని నోళ్ళు తెరిచేవాళ్ళు. ఆ నోళ్ళు మూతబడేలోపు వాళ్ళ పాత బల్బులు నా సంచీలో ఉండేవి. నెల తిరిగేసరికి నాకు 'బల్బుల పాప' అన్న పేరు స్థిరపడిపోయింది.

మా నాయన డోలు వాయిస్తాడు. అప్పట్లో పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ సన్నాయి మేళంతో ఊళ్ళు తిరిగేవాడు. మేళం ఉన్న నెలలో ఇంట్లో కళ ఉండేది, లేని నెలలో అమ్మ మాటలు తగ్గిపోయేవి. మా ఇంట్లో డోలుకు ఒక గది ప్రత్యేకంగా ఉండేది (గది అంటే మూడు గోడలూ ఒక పాత చీర తెరా). అందులో వైరుకు వేలాడుతూ ఒక అరవై వాట్ల బల్బు. వానాకాలం పొద్దున్నే నాయన ఆ బల్బు వేసి డోలును దాని కింద పెట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. దేవుడికి దీపం పెట్టినట్టు డోలుకు బల్బు పెడతాడనుకునేదాన్ని. "స్టాఫు ఇంట్లోనే పాత బల్బులుంటే బాగుండదమ్మా" అని మా ఆఫీసరు అన్న రోజున ఇంటికొచ్చి బల్బులన్నీ మార్చబోతే, నాయన అన్నింటికీ తలూపి, "డోలు గదిలోది మాత్రం ముట్టుకోవద్దు పాపా" అన్నాడు. ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నేను అడిగే రకం కాదు, చెప్పే రకం. ఆయన పాకాలలో పెళ్ళి మేళానికి పోయిన రోజు చూసి దాన్ని కూడా పీకేసి, కొత్తది బిగించి, సంచీ మూతి కట్టేశాను.

కార్తీక మాసం చివర్లో మూడు రోజులు వదలకుండా ముసురు పట్టింది. సరిగ్గా ఆ మూడో రోజే నాయనకు పరీక్ష. మా ఊరి గుళ్ళో నిత్యసేవకు ఒక డోలు విద్వాంసుణ్ణి శాశ్వతంగా తీసుకుంటున్నారు. పది గంటలకు మండపంలో వాయించి చూపించాలి. యాభై దాటిన మనిషికి అలాంటి అవకాశం మళ్ళీ రాదని ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. ముందు రోజు రాత్రే పాకాల నుంచి తిరిగొచ్చిన నాయన పొద్దున ఆరింటికి గదిలోకి పోయి స్విచ్చి వేశాడు. "ఓహో, ఈడ గూడా మార్చేసినావా? వెలుగు బాగుండాదిలే" అన్నాడు. నేను లోలోపల పొంగిపోయాను. ఆయన డోలును బల్బు కింద పెట్టి స్నానానికీ పూజకూ పోయి, గంటన్నర తరువాత వచ్చి ఒక్క దెబ్బ వేశాడు. తడి గోనెసంచిని తట్టినట్టు తప్‌మంది. చర్మాన్ని తడిమాడు. తలెత్తి బల్బును ముట్టుకున్నాడు.

"పాపా, ఇదేందే, సల్లంగా ఉండాదే!"

ఊరంతా తిరిగి నేను చేసిన ప్రచారం మొత్తం ఆ ఒక్క మాటలో నా నెత్తిన పడింది. చెమ్మకు చర్మం మెత్తబడితే ఎంత బిగించినా డోలు పలకదనీ, ఇన్నేళ్ళుగా ఆయనకు కావలసింది ఆ బల్బు వెలుగు కాదు, వేడి అనీ అప్పుడు తెలిసింది. గొడుగు కూడా తీసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. ఏ గడప ఎక్కినా ఒకటే జవాబు. "పాత బల్బు యాడుండాదమ్మా? నువ్వే గదా ఎత్తుకపోయినావు!" ఎదురింటి అత్తయితే పాపం నన్ను మెప్పిద్దామని, "మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు పాపా, కావాలంటే లోపలికొచ్చి సూసుకో" అంది. ఆఫీసులో ఉంటాయేమోనని పోతే, మూటలన్నీ నిన్ననే లారీకెత్తించామని వాచ్‌మెన్ చెప్పాడు. నేను పని శుభ్రంగా చేశానని అంత బాధపడిన రోజు ఇంకొకటి లేదు.

తిరిగొస్తూ వీధి చివర ఇస్త్రీ చాచా బండి దగ్గర ఆగి ఏడ్చేశాను. నేను ఏనాడూ ఆగని చోటు అదొక్కటే, ఎందుకంటే ఆయన బండికి కరెంటే లేదు. బొగ్గుల పెట్టెతో బట్టలు రుద్దే ఆ పెద్దాయన నా మాట అంతా విని, "ఏడవద్దు బేటీ. మీ రూలు బల్బులకే గదా, బొగ్గులకు లేదు గదా?" అన్నాడు. ఎర్రగా కాలిన బొగ్గుల్ని ఇనుప చట్టిలో పోసుకుని, పైన రేకు ముక్క మూసి, వానలో నా వెంట వచ్చాడు. వాటిని ఎందులో పోయాలా అని మేం చూస్తుంటే, అమ్మ పెరట్లోకి పోయి, తాత కాలం నాటి ఇనుప కుంపట్లో తను పెంచుకుంటున్న కొత్తిమీరను మట్టితో సహా బోర్లించేసి, ఆ కుంపటి తెచ్చింది.

కుంపటి చూడగానే నాయన మొహం మారిపోయింది. డోలును దూరంగా పట్టుకుని సెగ చూపిస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. "మీ తాత దీంతోనే కాసేవాడు పాపా. పొగకు కండ్లు మండుతాయని, నా పెండ్లయిన కొత్తలో నేనే దీన్ని పెరట్లో పారేసి బల్బు తగిలించినాను. ముసలాయన మూడు దినాలు నాతో మాట్లాడలే." నేను ముక్కు ఎగబీలుస్తూ, "నువ్వెన్ని దినాలు మాట్లాడవు నాయనా?" అన్నాను. "ముందు ఇది మాట్లాడనీ" అని డోలు మీద ఒక దెబ్బ వేశాడు. గోడమీది బల్లి పారిపోయింది.

ముసురు వదల్లేదు కనుక కుంపటిని కూడా మండపానికి మోసుకుపోయాం. అక్కడ పరీక్షకు వచ్చిన పై వీధి డోలు మామా, కోట వీధి డోలన్నా తమ డోళ్ళు ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఇద్దరి చూపులూ ఒకేసారి నా కార్డు మీద పడ్డాయి. (వాళ్ళిద్దరి ఇళ్ళలోనూ నేనే మార్చాను. ఒకరింట్లో కాఫీ కూడా తాగాను.) నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. నాయన మాత్రం కుంపటిని ముగ్గురి మధ్యా దింపి, "రాండప్పా, ముందు అందరివీ కాసుకుందాం. ఎవురు బాగా వాయిస్తే వాళ్ళకే వస్తాది" అన్నాడు. పోటీకి వచ్చిన ముగ్గురు మగవాళ్ళు ఒకే నిప్పు చుట్టూ గొంతుక్కూర్చుని, నన్ను తిట్టుకుంటూ, కాసేపటికి నవ్వుకుంటూ డోళ్ళు కాసుకున్నారు. మా నాయన మీద నాకు అంత గర్వం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. సాయంత్రానికి కబురొచ్చింది, నాయన్నే తీసుకున్నారని. చెప్పడానికి వానలో వచ్చినవాడు కోట వీధి డోలన్నే.

ఆ తరువాత కూడా నేను ఇల్లిల్లూ తిరిగాను, బల్బులూ మార్చాను. కాకపోతే సంచీ విప్పకముందు, "ఈ బల్బుతో వెలుగు గాకుండా ఇంకేమన్నా పని జేపించుకుంటా ఉండారా?" అని అడగడం నేర్చుకున్నాను. కోడిపిల్లలను వెచ్చగా ఉంచుతామని ఒకరు, చలికాలం దోసెపిండి పులియబెడతామని ఒకరు. ఒక్కొక్కరికీ ఒక్కో దారి వెతికేదాన్ని. చాలాసార్లు ఆ దారి ఇస్త్రీ చాచా బండి దగ్గర తేలేది.

ఇప్పుడు నా ఉద్యోగం పర్మనెంటు. ఏ ఫ్రిజ్జు ఎంత కరెంటు తాగుతుందో స్కూళ్ళకు పోయి పిల్లలకు చెప్పి వస్తుంటాను. మొన్న నా కూతురు, అవన్నీ ఒంటబట్టించుకున్న పిల్ల, వంటింట్లో ఫ్రిజ్జు మీదున్న పాత స్టెబిలైజరును చూపించి, "అమ్మా, ఇది ఊరికే వేడెక్కి కరెంటు దండగ జేస్తా ఉండాది, పీకేద్దాం" అంది. "దాన్ని మాత్రం ముట్టుకోవద్దు!" అని అరిచాను. చలికాలం మా ఇంట్లో పెరుగు దాని మీదే తోడుకుంటుంది మరి. అరిచాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. నా కూతురు నాలాంటిది కాదు. "ఎందుకమ్మా?" అని అడిగింది. నేను దాని మీది పెరుగు గిన్నె దించి చూపిస్తుంటే, వసారాలో పేపరు చదువుకుంటున్న నాయన తలెత్తకుండానే కుర్చీ చేతి మీద వేళ్ళతో చిన్న ముక్తాయింపు వాయించాడు.