మనిషి లేని మిషన్

మార్కాపురం పలకల మీద అ ఆలు దిద్దినవాళ్లంతా మణెమ్మకు కాస్తో కూస్తో రుణపడినట్టే. ఆ సంగతి వాళ్లకు తెలియదు, ఆమెకు అక్కర్లేదు. పెళ్లయిన ఏడు పలకల ఫ్యాక్టరీలో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే చేసింది. భర్త పోయాక ఆ కూలితోనే కూతురు రెబెకాను చదివించింది. పలకలు ఊళ్లు పట్టుకుని పోయాయి గానీ వాటి దుమ్ము మాత్రం ఆమె రొమ్ములోనే కాపురం పెట్టింది.

ఇప్పుడు రెబెకా గిద్దలూరులో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే రావడం. మొన్న వేసవిలో ఇంట్లో ఒంటరిగా ఉండగా మణెమ్మకు ఆయాసం ముంచుకొచ్చి, పక్కింటివాళ్లు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు.

"ఇంకొక్కసారి ఇట్లయితే ఉద్యోగం మానేస్తానమ్మా" అంది రెబెకా.

ఆయాసం కంటే ఆ మాటకే మణెమ్మ ఎక్కువ హడలిపోయింది. తెల్లకోటు సంచిలో పెట్టుకుని కూతురు బస్సెక్కుతుంటే చూడటం ఆమెకు రోజూ పండగే మరి.

రెబెకా ఊరుకోలేదు. గాలిని శుభ్రం చేసే మిషన్ కొనుక్కొచ్చి, ఫోన్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్‌కు తగిలించి, ఫోన్‌లో టైమర్ పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి చివర పలకల కోత మొదలై దుమ్ము లేస్తుంది. సరిగ్గా ఆ వేళకు మిషన్ దానంతటదే తిరగాలని ఏర్పాటు.

"నువ్వేం ముట్టుకోబాకు. కిటికీలేసుకొని కూర్చో, చాలు" అని చెప్పి వెళ్లింది.

మణెమ్మ అన్నం తిని పళ్లెం కడుగుతుంటే లోపల మిషన్ బుస్సుమంది. గదిలో ఎవరూ లేరు. ఫ్యాక్టరీలో చేసినవాళ్లకు ఒక్కటే కట్టుబాటు, మనిషి పక్కన లేకుండా మిషన్ తిరగకూడదు. పోయిన కరెంటు ఉన్నట్టుండి వచ్చి, కోత బ్లేడు దానంతటదే తిరిగి, తోటి కూలి ఎల్లమ్మ వేళ్లు తెగిపోవడం ఆమె కళ్లారా చూసింది. గబగబా తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని గోడ స్విచ్ ఆపేసింది.

రోజూ ఇదే తంతు. సాయంత్రం కూతురు వచ్చేలోపు స్విచ్ మళ్లీ వేసి ఉంచేది. అంత ఆశగా తెచ్చిన పిల్లకు ఏమని చెబుతుంది? దగ్గు ఎక్కువైనా నోరు మెదపలేదు.

ఒకరోజు పనిమధ్యలో రెబెకా ఫోన్ తీసి చూస్తే ప్లగ్ పలకడం లేదు. తల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉన్నపళంగా బస్సెక్కి ఇంటికొచ్చి పడింది. చూస్తే ఏముంది, మణెమ్మ వసారాలో కూర్చుని దగ్గుకుంటూ బియ్యం ఏరుతోంది. ఫోన్ లోపలెక్కడో ఉంది.

"ఏందమ్మా ఇది! ఫోనెత్తవు, మిషన్ ఆపేసినావు. దారంతా నేను ఎట్ల వచ్చినానో తెలుసా? ఇంక నావల్ల కాదు. రేపే మానుకుంటా."

"మానబాకు బిడ్డా, నీకు దండం పెడతా" అంది మణెమ్మ. "అది దానంతటదే తిరుగుతాంటే నాకు భయం. మనిషి లేని మిషన్ తల్లీ... ఎల్లమ్మ చెయ్యి గుర్తొస్తాది."

రెబెకా కోపం చప్పున దిగిపోయింది. ఎల్లమ్మ చెయ్యి తనూ చిన్నప్పటినుంచీ చూసిందే. లోపలికెళ్లి గోడ స్విచ్ వేసొచ్చి, తల్లి పక్కన చతికిలబడి, ఫోన్‌లో టైమర్ తీసేసింది.

"ఇంక రోజూ నేనే వేస్తా. గోడ స్విచ్ మటుకు ఆపబాకు. ఇదిగో చూడు" అంటూ ఫోన్ నొక్కింది. మిషన్ తిరిగింది. మళ్లీ నొక్కితే ఆగింది.

"నువ్వేనా?"

"నేనే."

"గిద్దలూరు నుంచి గూడానా?"

"ఆడి నుంచి గూడా నేనేనమ్మా."

"నువ్వు దగ్గరుంటే నాకేం భయం!" అంది మణెమ్మ.

మర్నాడు రెబెకా ఎప్పటిలాగే బస్సెక్కింది. మధ్యాహ్నం వీధి చివర కోత మొదలైంది. ఆ వెంటనే మిషన్ మీద చిన్న దీపం వెలిగింది. మణెమ్మ లేవలేదు. దేవుడికీ కూతురికీ కలిపి ఒకటే స్తోత్రం చెప్పుకుని, మిషన్ వైపు తిరిగి, "అన్నం తిన్నావా బిడ్డా?" అని అడిగింది.