నిన్న కూరేటి?

మా కాల్ బాయ్ తాత పోయారు. మా రైల్వే కాలనీ నిమ్‌పురాలో ఆయన ఎరగని గుమ్మం లేదు. మిగతా ఖరగ్‌పూర్‌కి మాత్రం ఆయనెవరో తెలీదు. ఆ కబురు వచ్చేసరికి నేను ఆయన్ని ఓడించేశానని సంబరపడుతూ, రెండు గ్లాసుల్లో టీ పోసుకుని కూర్చుని ఉన్నాను. అదెలాగో చెప్పాలంటే ముందు ఆయన పని సంగతి చెప్పాలి.

రైల్వే ఊళ్లతో పరిచయం లేనివాళ్లకి కాల్ బాయ్ అంటే తెలియకపోవచ్చు. ఇంటింటికీ ఫోన్లు రాకముందు, ఏ డ్రైవరుకి ఏ వేళ బండి పడితే ఆ వేళకి వాళ్లింటికెళ్లి, లేపి, డ్యూటీకి పంపే మనిషి. తల నెరిసినా ఉద్యోగం పేరు మాత్రం బాయే. రిటైరయ్యాక కూడా ఊరు ఆయన్ని అలాగే పిలిచింది. నేను చివర తాత తగిలించానంతే.

ఆయనకో పద్ధతి ఉండేది. కర్రతో కిటికీ చెక్క మీద కొట్టేవారు. లోపలి మనిషి ‘ఆఁ, లేచాను’ అంటే నమ్మేవారు కాదు. “నిన్న కూరేటి?” అని అడిగేవారు. నిద్రమత్తులో ‘ఆఁ’ ఎవడైనా అంటాడు, నిన్నటి కూర గుర్తు తెచ్చుకోవాలంటే పూర్తిగా మెలకువ రావాలి. జవాబు వినందే ఆ కిటికీ దగ్గర్నుంచి కదిలేవారు కాదు. మా నాన్న కూడా డ్రైవరే. చిన్నప్పుడు దుప్పట్లోంచి వింటూ ఉండేదాన్ని, బయటి నుంచి ఆ ప్రశ్న, మంచం మీంచి నాన్న విసుగు: “బెండకాయరా బాబూ, బెండకాయ!”

నాన్న పోయారు, తర్వాత అమ్మా పోయింది. నాన్న పోయాక రైల్వేవాళ్లు నాకిచ్చిన వర్క్‌షాపు ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ క్వార్టర్లో ఒక్కదాన్నే మిగిలాను. కాసాయి నది మీద పడవవాళ్ల దగ్గర సరదాకి పట్టుకున్న తెడ్డు నన్ను వదల్లేదు. ఏళ్లు గడిచేసరికి, విశాఖ నుంచి అండమాన్ దాకా బంగాళాఖాతాన్ని ఒంటరిగా తెడ్డేసుకుంటూ దాటాలన్న పిచ్చి పట్టుకుంది. ఎందుకంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎలాగూ ఒక్కదాన్నే, ఆ ఉండేదేదో కాస్త విశాలమైన చోట ఉందామనిపించింది.

ఊళ్లోనే మలంచాలో ఉండే మేనత్త నా పెళ్లి మాటెత్తి ఏడ్చింది. పక్కింటి బెంగాలీ పిన్ని, మా కాకీమా, అక్కడ తిండెలా అని బెంగపెట్టుకుంది. ఆఫీసువాళ్లు నవ్వారు. తాత మాత్రం మా వరండాలో సాధనకి పెట్టుకున్న తెడ్డేసే యంత్రాన్ని కాసేపు చూసి, “ఏటే పాపా, సముద్దరం మీద నిన్నెవులు లేపుతారు?” అని అడిగారు.

నా భయం కూడా సరిగ్గా అదే. ఒంటరి పడవలో కాసేపు పడుకోవాలి, లేచి ఓడలేమైనా వస్తున్నాయేమో నాలుగు దిక్కులా చూడాలి, మళ్లీ కాసేపు పడుకోవాలి. ఆ లేవడం తప్పిందా, పెద్ద ఓడకి మన పడవ కనబడనైనా కనబడదు. నాదా, మొద్దు నిద్ర. అలారం నిద్రలోనే నొక్కేసి అటు తిరిగి పడుకునే రకం.

“లేపడం ఏటి గొప్ప? లేసినోలు మల్లీ తొంగోకుండా సూడాల. అదీ పని,” అన్నారాయన. మర్నాటి నుంచే పనిలోకి దిగారు.

రాత్రిళ్లు ఆయనకి చూపు ఆనదు కాబట్టి సెలవు రోజుల్లో మధ్యాహ్నాలు వచ్చేవారు. నేను చేతులు పడిపోయేదాకా యంత్రం లాగి పడుకునేదాన్ని. కర్ర దెబ్బ పడేది.

“నిన్న కూరేటి?”

“దొండకాయ...”

“అబద్దం. నిన్న నీ సంచీలో ఆనపకాయ సూసినాను నాను. లెగు!”

పోనుపోను దెబ్బ చిన్నదైంది. తర్వాత ఆయన ఊరికే దగ్గితే చాలు, లేచేదాన్ని. అమ్మ తర్వాత నన్ను అంత శ్రద్ధగా కనిపెట్టుకుని చూసిన మనిషి ఆయనే.

ఒకరోజు టీ తాగుతూ, “ఇన్ని ఇళ్లు తిరిగావు, నీకు ఊరంతా చుట్టాలే కదా తాతా,” అన్నాను.

“సుట్టాలా? పండక్కి మిఠాయి పట్టుకెల్లినా డూటీకి పిలవడానికే వచ్చినాననుకునీవోరు. ‘నాన్న ఇంట్లో లేడు’ అని పిల్లల్సేత సెప్పించీవోరు. తలుపు సందులోంచి ఆ నాన్న కాళ్లు కనబడతానే ఉండీవి. మరి ఎల్డం మానీసినాను,” అన్నారు.

నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తన గదిలో ఆయన కూడా నాలాగే ఒక్కరే. ఆ రోజు నుంచి నా ఇంట్లో టీ రెండు గ్లాసుల్లో పోయడం అలవాటైంది.

చివరికి ఓ రోజు, “రేపట్నుంచి పిలవను. ఊరికే కిటికీ కాడ నిలబడతాను. నువ్వే లేసి సూడాల. నాను కనబడకపోతే రానేదనుకోకు, నాకన్నా ముందు లేసినావనుకో. ఆ రోజుతో నా పనైపోయినట్టే, నువ్వెల్లొచ్చు,” అన్నారు.

ఎప్పుడు కళ్లు తెరిచినా ఊచల అవతల ఉండేవారు, యార్డు వైపు చూస్తూ, ఏమీ ఎరగనట్టు. ఒక్కసారీ గెలవలేదు నేను.

పోయిన వారం ఒక మధ్యాహ్నం కళ్లు తెరిస్తే కిటికీ అవతల ఎవరూ లేరు. గెలిచాను! శిక్షణ ప్రకారం నాలుగు దిక్కులూ చూశాను, ఉన్నవి గోడలే అనుకోండి. టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోశాను. ఆయన వచ్చాక ఎలా ఉడికించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. టీ చల్లారి మీగడ కట్టింది. అప్పుడొచ్చింది కాకీమా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“తోమార్ దాదు ఆర్ నేయ్ గో,” అంది. మీ తాత ఇక లేరమ్మా అని.

చెప్పులు తొడుక్కుని, కర్ర చేత్తో పట్టుకుని, తన గది గుమ్మంలో కుర్చీలో అలాగే ఉండిపోయారట. నా దగ్గరికే బయల్దేరారు.

మర్నాడు పొద్దున్న పాత డ్రైవర్లు చాలామందే వచ్చారు. ఒకాయన పాడె మీదికి వంగి, “ఈపాలి నువ్వు పిలవకుండానే వచ్చినాన్రా,” అని భోరుమన్నాడు. నాకు కోపం వచ్చింది. బతికుండగా ఒక్కసారి వస్తే ఏం పోయేది? అంతలోనే ఆ ముసలాయన పాడెకి తన భుజం పట్టడం చూసి జాలేసింది. ఆ రోజంతా మా క్వార్టర్ల వరసలో ఎవరింటా పొయ్యి వెలగలేదు.

ఆ మర్నాడూ ఆఫీసుకి సెలవు పెట్టి, మధ్యాహ్నం ఎప్పట్లాగే యంత్రం లాగి పడుకున్నాను. కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. యార్డులో వ్యాగన్లు తగులుకున్న చప్పుడు. కిటికీ చెక్క మీద, కర్ర దెబ్బలకి రంగు లేచిపోయిన చోట ఎండ పడుతోంది. బయల్దేరే రోజు దగ్గర పడింది. వెళ్తాను. అక్కడ నన్ను లేపేవాళ్లు ఉండరని ముందే తెలుసు, ఇక ఇక్కడా ఉండరు.

లేచి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా కిటికీ వైపు తిరిగి గట్టిగా చెప్పాను.

“నిన్న పొయ్యి వెలిగించలేదు తాతా.”

జవాబు వినందే ఆయన కదలరు.