పితృపక్షాల్లో ఆగిన గోధుమ

కెనడాలో టొరంటో దగ్గరి మిల్టన్ పక్కన యాభై ఎకరాలు కౌలుకు తీసుకున్న ఒక అంకుల్ దగ్గర నేను శని, ఆదివారాల్లో పనిచేసేదాన్ని. ఆయనది గుంటూరు వైపు. మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వ్యవసాయమంటే పిచ్చి. నేను నిజామాబాద్ రైతు కూతురిని, కాలేజీలో పంటల డిప్లొమా చదువుతున్నాను. ఏడాది పనిచేస్తే పంటల అడ్వైజర్‌గా జాబ్ లెటర్ ఇస్తానన్నారు అంకుల్. అది ఉంటేనే నాకు పీఆర్, అంటే అక్కడే స్థిరపడే అనుమతి, వస్తుందన్న ఆశ. మన పిల్లలు వందల్లో దిగి, కాఫీ షాపులో నాలుగు గంటల పనికి కూడా లైన్లు కడుతున్న రోజులవి.

సెప్టెంబరు చివర్లో సోయా కోశాం. మొక్కజొన్న, సోయా, ఆ తర్వాత గోధుమ, అదీ అక్కడి పంటల వరస. సోయా తీసిన వారం పది రోజుల్లో గోధుమ విత్తనం పడిపోవాలి. చలి ముదిరేలోగా వేళ్లూనుకుని పిలకలు వేస్తేనే మంచు కింద బతుకుతుంది. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

అంకుల్ పంచాంగం తీశారు. "పితృపక్షాలు వచ్చేశాయమ్మా. పెద్దల రోజుల్లో విత్తనం ఏం వేస్తాం? దసరాకి వేద్దాం. ఏమంటావ్?"

ఆ ఏడు అధికమాసం పడి దసరా అక్టోబరు చివరికి జరిగింది. మా నాన్నైతే నేలలో పదును చూసేవాడు, పంచాంగం కాదు. మాట నోటిదాకా వచ్చింది. లెటర్ గుర్తొచ్చి మింగేశాను.

"మంచిది అంకుల్, అట్లనే చేద్దాం" అన్నాను. సిగ్గులేనిదాన్ని!

దసరాకి వాన పట్టుకుంది. విత్తేసరికి నవంబరు. మంచు కరిగాక చూస్తే చేనంతా పలచగా, ఒంటి మొక్కలే.

"యూరియా ఎక్కువ కొట్టిద్దామా?" అన్నారు అంకుల్.

పిలకల్లేని పైరుకు ఎంత ఎరువు వేసినా దండగే. అదీ తెలుసు. కానీ వద్దంటే ఎందుకని అడుగుతారు, దసరా దాకా ఆగడం తప్పని తెలిసీ నేను ఊకొట్టిన సంగతి బయటపడుతుంది. "రెండింతలు వేద్దాం, కోలుకుంటది" అన్నాను. ఆ యూరియా అంతా తిని కలుపు మోకాలెత్తు లేచింది.

కోతకి పక్క చేనువాళ్ల దిగుబడిలో సగం కూడా రాలేదు. ఎరువు ఖర్చు మాత్రం వాళ్లదానికి రెట్టింపు. లాభం మాట దేవుడెరుగు, అంకుల్ కౌలే వదులుకున్నారు. ఆ రోజు పొలం దగ్గర కారెక్కబోతూ ఆగారు.

"నిజం చెప్పమ్మా. లేటుగా వేస్తే ఇలా అవుద్దని నీకు తెలీదా?"

తెలుసంటే తెలిసీ ముంచినదాన్నవుతాను.

"తెలీదంకుల్."

ఆయన కోప్పడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"మరి తెలీని అమ్మాయికి అడ్వైజర్ అని లెటర్ ఎలా ఇవ్వనమ్మా?" అన్నారు.